సర్వర్‌లో కాఫ్కా ఏర్పాటు: షురూ చేయడం, భద్రంగా నడపడం

అపాచీ కాఫ్కా ఒక మెసేజ్ స్ట్రీమింగ్ సాఫ్ట్‌వేర్. ఒక చోట పుట్టిన సమాచారాన్ని వచ్చిన వరుసలోనే రాసి పెట్టుకుని, కావలసిన వాళ్లంతా ఎవరి వేగంలో వాళ్లు చదువుకునేలా అందించడం దీని పని. ఇది ఉచితంగా దొరుకుతుంది. బోధన్, రెంజల్, నిజామాబాద్ నుంచి బీటెక్, ఎంసీఏ చదివి హైదరాబాద్‌లోనో గల్ఫ్‌లోనో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వెతుక్కునే పిల్లలకు ఇంటర్వ్యూల్లో ఈ పేరు ఎదురవుతూ ఉంటుంది.

వీడియో పాఠాలు చూసి పది నిమిషాల్లో కాఫ్కాను షురూ చేయవచ్చు. కానీ అలా షురూ చేసిన కాఫ్కా ప్రాక్టీసుకే పనికొస్తుంది. దానికి పాస్‌వర్డ్ ఉండదు, డేటాకు రెండో కాపీ ఉండదు, సర్వర్ రీబూట్ అయితే మెసేజీలు మొత్తం పోవచ్చు. పది మంది లెక్కలు అందులో పెట్టే ముందు ఏమేం మార్చాలన్నదే అసలు పని.

కాంటా పుస్తకం లాంటిది

బోధన్ పక్కన శక్కర్‌నగర్‌లో 1937లో మొదలైన నిజాం షుగర్ ఫ్యాక్టరీ 2015 డిసెంబర్‌లో మూతపడింది. చెరుకు బండ్ల వరుసలు పోయినా కాంటా దగ్గర రాసే చీటీ పోలేదు. ఇప్పుడు అది వడ్ల కొనుగోలు కేంద్రంలో కనిపిస్తుంది. కాఫ్కా పని తీరు అర్థం చేసుకోవడానికి ఆ చీటీయే మంచి ఉదాహరణ.

రెంజల్ మండలంలో ఒక కేంద్రానికి రైతు వడ్లు తెచ్చాడనుకుందాం. రైతు నంబరు, బస్తాలు, తూకం, సమయం ఒక వరుసలో రాస్తారు. ఆ ఒక్క వరుస మీద నాలుగు పనులు ఆధారపడతాయి. లారీ పంపేవాళ్లకు బస్తాల సంఖ్య కావాలి. రైస్ మిల్లుకు తూకం కావాలి. ఆఫీసుకు మొత్తం లెక్క కావాలి. డబ్బు వేసేవాళ్లకు రైతు ఖాతా కావాలి. కాంటా మనిషి నలుగురికీ విడివిడిగా ఫోన్ చేస్తూ కూర్చుంటే, ఒకరు ఫోన్ ఎత్తకపోయినా ఎక్కడో ఒక చోట లెక్క తప్పుతుంది. అందరూ అదే పుస్తకం చూసి చదువుకుంటే ఆ ఇబ్బంది ఉండదు. ఒకరు ఆలస్యంగా వచ్చినా తాను ఆపిన వరుస నుంచి మళ్లీ మొదలుపెట్టవచ్చు.

కాఫ్కా అలాంటి పుస్తకమే. చివర కొత్త వరుస చేర్చడమే తప్ప, రాసిన వరుసను మధ్యలో దిద్దడం ఉండదు. ఒకరు చదివినంత మాత్రాన వరుస చెరిగిపోదు. మామూలు మెసేజ్ క్యూకూ దీనికీ ఉన్న పెద్ద తేడా ఇదే. రాబిట్ ఎంక్యూ లాంటి వాటిలో మామూలు క్యూ వాడితే, మెసేజ్ అందిందని జవాబు రాగానే అది క్యూలోంచి పోతుంది. కాఫ్కాలో గడువు తీరేదాకా అలాగే ఉంటుంది.

ఎక్కడ పుట్టింది

కాఫ్కాను అమెరికాలోని లింక్డ్‌ఇన్ కంపెనీలో జే క్రెప్స్, నేహా నార్ఖెడే, జున్ రావు కలిసి తయారు చేశారు. నేహా నార్ఖెడే పుణేలో పెరిగి, అక్కడే ఇంజనీరింగ్ చదివారు. 2011లో దీని సోర్స్ కోడ్‌ను అందరికీ ఇచ్చేశారు. 2012లో అపాచీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్‌లో ఇది పూర్తి స్థాయి ప్రాజెక్టు అయింది. 2014లో ఆ ముగ్గురే కాన్‌ఫ్లుయెంట్ అనే కంపెనీ పెట్టారు. రాయడానికి అనువైన వ్యవస్థ కాబట్టి రచయిత ఫ్రాంజ్ కాఫ్కా పేరు పెట్టినట్టు క్రెప్స్ చెప్పారు.

కొత్తగా నేర్చుకునేవాళ్లు తెలుసుకోవలసిన పెద్ద మార్పు ఒకటి ఉంది. పాత పాఠాలన్నింటిలో ముందు జూకీపర్ అనే ఇంకో సాఫ్ట్‌వేర్ నడపమంటారు. సర్వర్ల హాజరు పట్టీ, ఎవరు పెద్ద అన్న లెక్క అప్పట్లో దాని జిమ్మాలో ఉండేవి. ఆ పనిని కాఫ్కా తనలోనే చేసుకునే పద్ధతి పేరు క్రాఫ్ట్. 2022లో 3.3 వెర్షన్‌తో అది అసలు పనికి సిద్ధమని ప్రకటించారు. 2025 మార్చిలో వచ్చిన 4.0 వెర్షన్‌లో జూకీపర్‌ను పూర్తిగా తీసేశారు. కాబట్టి జూకీపర్ నడపమని చెప్పే పాఠం కనిపిస్తే అది పాతదని తెలుసుకోవాలి.

ముందు తెలియాల్సిన మాటలు

బ్రోకర్: కాఫ్కా నడిచే సర్వర్. కాంటా పుస్తకాలు ఉంచే గది లాంటిది.

టాపిక్: ఒక రకం మెసేజీలకు పెట్టిన పేరు. తూకాలకు ఒక టాపిక్, చెల్లింపులకు ఇంకో టాపిక్.

పార్టిషన్: టాపిక్‌లోని భాగం. ఒకే కాంటా మీద రద్దీ ఎక్కువైతే మూడు కాంటాలు, మూడు పుస్తకాలు పెట్టినట్టు. వరుస క్రమం ఒక పుస్తకం లోపలే ఖాయం. మూడు పుస్తకాలు కలిపి చూస్తే ఏది ముందు, ఏది వెనుక అన్న హామీ లేదు.

కీ: మెసేజ్ ఏ పార్టిషన్‌కు వెళ్లాలో తేల్చే గుర్తు. రైతు నంబరును కీగా ఇస్తే ఆ రైతు మెసేజీలన్నీ ఒకే పార్టిషన్‌కు, వరుసగా వెళ్తాయి. తూకం, తర్వాత దాని సవరణ తారుమారు కాకుండా ఉండాలంటే కీ తప్పనిసరి. పార్టిషన్ల సంఖ్యను తర్వాత పెంచితే ఏ కీ ఎక్కడికి వెళ్తుందన్నది మారిపోతుంది. తగ్గించడం అసలు కుదరదు. అందుకే ఆ సంఖ్య మొదట్లోనే ఆలోచించి పెట్టాలి.

ఆఫ్‌సెట్: పార్టిషన్‌లో మెసేజ్‌కు ఉండే వరుస నంబరు.

ప్రొడ్యూసర్, కన్స్యూమర్: రాసే ప్రోగ్రామ్, చదివే ప్రోగ్రామ్.

కన్స్యూమర్ గ్రూప్: ఒకే పని పంచుకునే ప్రోగ్రాముల జట్టు. ఒక పార్టిషన్‌ను జట్టులో ఒకరే చదువుతారు. మూడు పార్టిషన్లకు ఐదుగురిని పెడితే ఇద్దరు ఖాళీగా కూర్చుంటారు. మిల్లు జట్టు వేరు, బ్యాంకు జట్టు వేరు. ఒకరు ఎంతవరకు చదివారన్నది ఇంకొకరికి అడ్డం కాదు.

ఎలాంటి సర్వర్ కావాలి

నేర్చుకోవడానికి ఉబుంటు లినక్స్ ఉన్న చిన్న సర్వర్ చాలు. రెండు ప్రాసెసర్లు, 4 జీబీ మెమరీ, 40 జీబీ డిస్క్ ఉంటే హాయిగా నడుస్తుంది. 1 జీబీ మెమరీతో తక్కువ అద్దెకు దొరికే సర్వర్ తీసుకుంటే తంటాలు తప్పవు. కాఫ్కా మొదలవుతూనే జావా కోసం 1 జీబీ అడుగుతుంది. ఆ అంకెను తగ్గించే సెట్టింగ్ ఉంది గానీ, అది ప్రాక్టీసు వరకే.

డిస్క్ ఎంత కావాలో చిన్న హిసాబుతో తేలుతుంది. ఒక్కో మెసేజ్ 1 కేబీ, సెకనుకు 100 మెసేజీలు అనుకుంటే రోజుకు 8.64 జీబీ అవుతుంది. కాఫ్కా మామూలుగా 168 గంటలు, అంటే 7 రోజులు దాస్తుంది. అంటే సుమారు 60 జీబీ. మూడు సర్వర్లలో మూడు కాపీలు ఉంచితే మొత్తం 181 జీబీ దాటుతుంది. పైన కొంత ఖాళీ వదిలి డిస్క్ తీసుకోవాలి. గడువుకు హద్దు ఉంది గానీ, పరిమాణానికి మొదట ఏ హద్దూ పెట్టి ఉండదు. డిస్క్ నిండితే బ్రోకర్ ఆగిపోతుంది.

ఏర్పాటు వరుస

కింద ఫైళ్ల పేర్లు, కమాండ్ల పేర్లు తెలుగు అక్షరాల్లో ఉన్నాయి. సర్వర్‌లో వాటిని ఇంగ్లీషులోనే కొట్టాలి.

1. ముందు సర్వర్‌ను అప్‌డేట్ చేసి, జావా 17 ఇన్‌స్టాల్ చేయాలి. కాఫ్కా 4.0 బ్రోకర్‌కు అంతకంటే పాత జావా సరిపోదు.

2. కాఫ్కా కోసం వేరే లినక్స్ యూజర్‌ను తయారు చేయాలి. రూట్ యూజర్‌తో నడపకూడదు. కాఫ్కాలో ఏదైనా లొసుగు ద్వారా ఎవరైనా చొరబడితే, వేరే యూజర్ ఉన్నప్పుడు నష్టం అక్కడికే ఆగే అవకాశం ఉంటుంది.

3. అపాచీ కాఫ్కా సొంత సైట్ నుంచే ఫైలు దించుకోవాలి. ఫైలు పేరులో 2.13, 4.0.0 అని రెండు అంకెలు కనిపిస్తాయి. మొదటిది స్కాలా భాష వెర్షన్, రెండోది కాఫ్కా వెర్షన్. దించాక, సైట్‌లో ఇచ్చిన షా-512 గుర్తుతో ఫైలును సరిచూడాలి. తర్వాత ఆప్ట్ ఫోల్డర్‌లో విప్పాలి.

4. డేటా కోసం వేరే ఫోల్డర్ చేసి, దాన్ని కాఫ్కా యూజర్ పేరున రాయాలి. వీలైతే అది వేరే డిస్క్ మీద ఉండాలి.

5. కాన్ఫిగ్ ఫోల్డర్‌లోని సర్వర్ డాట్ ప్రాపర్టీస్ ఫైలు తెరిచి, లాగ్ డాట్ డైర్స్ అన్న చోట ఆ కొత్త ఫోల్డర్ పేరు ఇవ్వాలి. మిగతా మార్పులు కింద వివరంగా ఉన్నాయి.

6. కాఫ్కా స్టోరేజ్ అనే స్క్రిప్ట్‌తో క్లస్టర్‌కు ఒక గుర్తింపు నంబరు పుట్టించాలి. అదే స్క్రిప్ట్‌తో, ఆ నంబరు ఇచ్చి డేటా ఫోల్డర్‌ను ఫార్మాట్ చేయాలి. ఒకే సర్వర్ అయితే స్టాండలోన్ అనే మాట జోడించాలి. ఈ మెట్టు దాటేస్తే కాఫ్కా మొదలవదు. పాత పాఠాల్లో ఈ మెట్టు ఉండదు కాబట్టి చాలామంది ఇక్కడే ఆగిపోతారు.

7. కాఫ్కా సర్వర్ స్టార్ట్ స్క్రిప్ట్‌ను ఒకసారి చేత్తో నడిపి చూడాలి. సరిగ్గా లేస్తే ఆపేసి, సిస్టమ్‌డీ సర్వీసుగా పెట్టాలి. అప్పుడు కరెంటు పోయి వచ్చినా, సర్వర్ రీబూట్ అయినా కాఫ్కా తనంతట తాను లేస్తుంది. అదే సర్వీసు ఫైలులో, ఒకేసారి తెరవగలిగే ఫైళ్ల పరిమితిని కనీసం లక్షకు పెంచాలి.

8. కాఫ్కా టాపిక్స్ స్క్రిప్ట్‌తో ఒక టాపిక్ చేసి, కన్సోల్ ప్రొడ్యూసర్‌తో రెండు మాటలు రాసి, కన్సోల్ కన్స్యూమర్‌తో చదవాలి. కన్స్యూమర్ మామూలుగా తాను లేచిన తర్వాత వచ్చిన మెసేజీలే చూపిస్తుంది. పాతవి కూడా కావాలంటే ఫ్రమ్ బిగినింగ్ అని చెప్పాలి. ఇది తెలియక మెసేజీలు పోయాయని కంగారు పడేవాళ్లు ఉన్నారు.

తప్పక మార్చాల్సిన ఐదు

మొదటిది, డేటా చోటు. నమూనా ఫైలులో డేటా ఫోల్డర్ టెంప్ కింద ఉంటుంది. చాలా లినక్స్ సర్వర్లలో రీబూట్ అయినప్పుడు టెంప్ శుభ్రమైపోతుంది. నెల రోజులు బాగా నడిచిన కాఫ్కా, ఒక రీబూట్‌తో ఖాళీ పుస్తకం అయిపోవడానికి ఇదొక్కటి చాలు. పై ఐదో మెట్టును వదిలేయకూడదన్నది ఇందుకే.

రెండోది, చిరునామా. నమూనా ఫైలులో అడ్వర్టైజ్డ్ లిజనర్స్ అన్న చోట లోకల్‌హోస్ట్ అని ఉంటుంది. బయటి ప్రోగ్రామ్ వచ్చి తలుపు తట్టగానే కాఫ్కా తన చిరునామాగా దాన్నే చెప్తుంది. లోకల్‌హోస్ట్ అంటే ఎవరి కంప్యూటర్‌కు వాళ్లదే. దాంతో ఆ ప్రోగ్రామ్ తన కంప్యూటర్‌లోనే కాఫ్కాను వెతుక్కుని, దొరక్క ఆగిపోతుంది. అక్కడ సర్వర్ అసలు పేరు లేదా ఐపీ ఇవ్వాలి.

మూడోది, తాళం. మొదట కాఫ్కా 9092 పోర్టులో ఏ పాస్‌వర్డ్ లేకుండా, ఏ గుప్త లిపి లేకుండా వింటుంది. ఆ పోర్టు ఇంటర్నెట్‌కు తెరిచి ఉంటే, దాన్ని కనిపెట్టిన వాళ్లెవరైనా చదవవచ్చు, రాయవచ్చు, టాపిక్‌ను తీసిపారేయవచ్చు. ముందు ఫైర్‌వాల్‌తో 9092ను అవసరమైన ఐపీలకే పరిమితం చేయాలి. కంట్రోలర్ వాడే 9093ను బయటికి అసలు తెరవకూడదు. తర్వాత దారిలో ఎవరూ చదవకుండా టీఎల్ఎస్, వచ్చినది ఎవరో తేల్చడానికి స్క్రామ్ పాస్‌వర్డులు, ఎవరు ఏ టాపిక్ ముట్టుకోవచ్చో చెప్పే ఏసీఎల్ నియమాలు పెట్టాలి. బ్రోకర్లు కూడా స్క్రామ్‌తోనే మాట్లాడుకునేలా పెడితే, వాటి యూజర్‌ను ఫార్మాట్ చేసేటప్పుడే చేర్చాలి. మిల్లు ప్రోగ్రామ్‌కు తూకం చదివే హక్కు చాలు. రాసే హక్కు కాంటా ప్రోగ్రామ్‌కే ఉండాలి.

నాలుగోది, కాపీలు. ఒకే సర్వర్ ఉంటే దాని డిస్క్ చెడిపోయిన రోజే లెక్క పోతుంది. అసలు పనికి కనీసం మూడు సర్వర్లు పెట్టి, రెప్లికేషన్ 3గా, మిన్ ఇన్‌సింక్ రెప్లికాస్ అన్నది 2గా ఉంచడం అలవాటు. రాసే ప్రోగ్రామ్ ఆక్స్ ఆల్ పద్ధతిలో ఉండాలి. 3.0 వెర్షన్ నుంచి జావా ప్రొడ్యూసర్‌లో అది ముందే ఉంటుంది. అప్పుడు రెండు చోట్లయినా రాసిన తర్వాతే అందింది అన్న జవాబు వస్తుంది. ఒక సర్వర్ పడిపోయినా పని ఆగదు. రెండు పడిపోతే కొత్తవి రాయనివ్వదు. తప్పుగా రాసుకోవడం కంటే ఆగిపోవడమే మేలు. అయితే కాపీలు ఉన్నాయి కదా అని బ్యాకప్ మానేయకూడదు. పొరపాటున టాపిక్ తీసేస్తే మూడు చోట్లా పోతుంది.

ఐదోది, తనంతట తాను పుట్టే టాపిక్‌లు. లేని టాపిక్‌కు మెసేజ్ పంపితే కాఫ్కా మొదట ఆ పేరుతో కొత్తది తెరిచేస్తుంది. పేరులో ఒక్క అక్షరం తప్పు కొడితే మెసేజీలన్నీ ఎవరూ చదవని కొత్త టాపిక్‌లో పడుతూ ఉంటాయి, ఎర్రర్ కూడా రాదు. ఆటో క్రియేట్ టాపిక్స్ సెట్టింగ్‌ను బంద్ చేయాలి.

ఒక చీటీకి రెండుసార్లు డబ్బు పడకుండా

చదివే ప్రోగ్రామ్ తాను ఎంతవరకు చదివిందో కాఫ్కాకు చెప్తుంది. దీన్ని కమిట్ అంటారు. జావా కన్స్యూమర్‌లో మామూలుగా అది 5 సెకన్లకొకసారి తనంతట తాను జరుగుతుంది. నాలుగో సెకనులో ప్రోగ్రామ్ పడిపోతే, మళ్లీ లేచాక ఆ కొద్ది మెసేజీలను ఇంకోసారి చదువుతుంది. లారీ లెక్క రెండుసార్లు చూస్తే నష్టం లేదు. డబ్బు రెండుసార్లు వేస్తే నష్టమే. ముందే కమిట్ చేసి తర్వాత పని చేస్తే దానికి ఎదురు ప్రమాదం: మధ్యలో పడిపోతే ఒక రైతు చీటీ ఎవరి కంటా పడకుండా దాటిపోతుంది.

దీనికి పాటించాల్సింది రెండు విషయాలు. డేటాబేస్‌లో పని పూర్తయ్యాకే కమిట్ చేయాలి. ప్రతి చీటీకి విడి నంబరు ఉండి, అదే నంబరు రెండోసారి వస్తే డేటాబేస్ ఒప్పుకోకూడదు. ఈ జాగ్రత్త కాఫ్కా సెట్టింగ్‌లో దొరకదు, ప్రోగ్రామ్ రాసేవాళ్ల జిమ్మేదారీ.

రోజూ చూడాల్సినవి కూడా కొన్నే. కన్స్యూమర్ గ్రూప్స్ స్క్రిప్ట్ నడిపితే లాగ్ అని ఒక అంకె కనిపిస్తుంది. వచ్చినవాటిలో ఇంకా చదవనివి ఎన్నో అది చెప్తుంది. అంకె పెరుగుతూ పోతుంటే చదివే ప్రోగ్రామ్ వెనకబడుతోందని అర్థం. గడువు తీరేలోగా అది అందుకోకపోతే చదవకుండానే మెసేజీలు చెరిగిపోతాయి. దాంతోపాటు డిస్క్ ఎంత నిండిందో కూడా చూస్తుండాలి.

ఇతరుల వివరాలు అమానత్

మెసేజీల్లో ఫోన్ నంబర్లు, బ్యాంకు ఖాతాలు ఉంటే అవి నడిపేవాళ్ల సొత్తు కాదు, వాళ్ల దగ్గర పెట్టిన అమానత్. చట్టం కూడా అదే వైపు చూస్తుంది. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం తగిన భద్రత పాటించనందుకు జరిమానా 250 కోట్ల రూపాయల దాకా ఉండవచ్చు. కాఫ్కాలో ఒక మనిషి వివరాలు మాత్రమే ఏరి తీసేయడం తేలిక కాదు. గడువు తీరేదాకా ఆగాలి, లేదా కీ ఆధారంగా పాతవాటిని తీసేసే కంపాక్షన్ పద్ధతి ముందే పెట్టి ఉండాలి. అందుకే అవసరం లేని వివరం మొదటే రాయకపోవడం మంచిది. ఖాతా నంబరు బదులు రైతు నంబరు పంపి, ఖాతాను డేటాబేస్‌లో భద్రంగా ఉంచవచ్చు. ఫోటోలు, వీడియోలు కూడా ఇందులో పెట్టరు. ఒక మెసేజ్‌కు మామూలు హద్దు దాదాపు 1 ఎంబీ. ఫోటో వేరే చోట దాచి, దాని లింకు పంపాలి.

ఎప్పుడు అక్కర్లేదు

ఒక దుకాణం బిల్లులకు, ఒక బడి ఫీజు లెక్కలకు, రోజుకు వెయ్యి మెసేజీలకు కాఫ్కా అక్కర్లేదు. పోస్ట్‌గ్రెస్ లాంటి డేటాబేస్‌లో ఒక టేబుల్ చాలు. మూడు సర్వర్ల అద్దె, వాటిని చూసుకునే మనిషి జీతం లెక్క వేసుకుంటే సంగతి తెలుస్తుంది. ఒకే సమాచారాన్ని చాలామంది విడివిడిగా చదవాల్సి వచ్చినప్పుడు, రద్దీ బాగా ఎక్కువైనప్పుడు, పాత మెసేజీలు మళ్లీ మొదటి నుంచి చదవాల్సి వచ్చినప్పుడు కాఫ్కా ఖర్చుకు తగిన పని చేస్తుంది.

అప్పగించే ముందు పరీక్ష

ఏర్పాటు పూర్తయిందనే ముందు నాలుగు పరీక్షలు చేయాలి. వంద మెసేజీలు రాసి సర్వర్‌ను రీబూట్ చేసి, వందా ఉన్నాయో లేదో చూడాలి. పాస్‌వర్డ్ లేకుండా బయటి కంప్యూటర్ నుంచి చదవబోయి, కాఫ్కా ఒప్పుకోవడం లేదని రూఢి చేసుకోవాలి. మూడింటిలో ఒక సర్వర్‌ను ఆపి, రాయడం, చదవడం సాగుతున్నాయా అని చూడాలి. చదివే ప్రోగ్రామ్‌ను పని మధ్యలో చంపి మళ్లీ లేపి, ఏ చీటీ తప్పలేదని, ఏ చీటీకి రెండోసారి లెక్క పడలేదని సరిచూడాలి. ఈ నాలుగింటిలో ఒక్కటి తప్పినా ఆ సర్వర్‌లో ప్రాక్టీసు మెసేజీలే ఉంచాలి.